ఒడుపు ఎవరి దగ్గరుంది?

పోచంపల్లి తరహా చీరలు నేసే ఇళ్లలో ఆసు పోయడం ఆడవాళ్ల వంతు. అర్ధచంద్రాకారంలో వరసగా బిగించిన మేకుల మీదుగా దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ ఉండాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9 వేల సార్లు ఊగుతుంది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో లక్ష్మి అనే నేతింటి ఇల్లాలు ఏళ్ల తరబడి ఆ పని చేసి భుజం నొప్పితో బాధపడేవారు. ఆరో తరగతితో బడి మానేసిన ఆమె కొడుకు చింతకింది మల్లేశం ఆ నొప్పిని చూస్తూ పెరిగారు. ఏళ్ల పాటు ముక్క ముక్కగా ఒక యంత్రాన్ని కట్టుకుంటూ వచ్చారు. ఒకచోట చిక్కుపడి ఆగిపోయారు. తరవాత హైదరాబాద్‌లో పనిచేస్తుండగా ఒక యంత్రం కదలికను చూసి ఆ చిక్కు విప్పుకున్నారు. 1999లో ఆసు యంత్రం తిరిగింది. దానికి ఆయన తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు.

అంతకు నూరేళ్లకు పైగా ముందు, జపాన్‌లో ఒక వడ్రంగి కొడుకు ఇంట్లో తల్లి నేత నేస్తుంటే చూస్తూ ఉండేవాడు. పేరు సకిచి టొయోడా. 1890లో ఆమె చేతి శ్రమ తగ్గించే చెక్క మగ్గం తయారుచేశాడు. అక్కడితో ఆగలేదు. 1924 నాటికి ఆయన మగ్గం పడుగు తెగినా పేక తెగినా తనంతట తానే ఆగిపోయేది. తెగిన పోగుతోనే నేత సాగి బట్ట పాడయ్యే బాధ పోయింది. ఒక్కో మగ్గం పక్కన ఒక్కో మనిషి కాపలా ఉండాల్సిన అవసరమూ పోయింది. 1929లో ఇంగ్లండుకు చెందిన ప్లాట్ బ్రదర్స్ ఆ పేటెంటు హక్కులు కొనుక్కుంది. సకిచి కొడుకు కిచిరో మొదలుపెట్టిన కార్ల కంపెనీయే నేటి టొయోటా.

ఈ ఇద్దరి కథల్లో నేను పదేపదే తలచుకునే సంగతి ఒకటుంది. కష్టం తెలిసిన మనిషీ, ఆ కష్టం తీర్చడానికి పూనుకున్న మనిషీ ఒకే కప్పు కింద ఉన్నారు. తల్లి చేయి ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ నొప్పి పుడుతుందో కొడుక్కి ఎవరూ రిపోర్టు రాసి ఇవ్వలేదు. రోజూ చూశాడు, అంతే. కంపెనీలో ఈ ఇద్దరి మధ్య మూడు నాలుగు అంతస్తులు ఉంటాయి. పని ఎక్కడ మొరాయిస్తుందో తెలిసినవాడు కింద, దాన్ని మార్చే అధికారం, డబ్బు ఉన్నవాడు పైన. ఇన్నోవేషన్ కోసం కన్సల్టెంట్లను పిలుస్తాం, పోటీలు పెడతాం, గోడల మీద నినాదాలు రాస్తాం. మెట్లు దిగి అడగడం మాత్రం మరచిపోతాం. మీరు పది మందితో నడిచే వర్క్‌షాపు యజమాని అయినా, రెండు వందల మంది ఉన్న షిఫ్టుకు ఇన్‌చార్జి అయినా ఈ అధ్యాయం మీకోసం.

అట్టముక్క

నేను దీన్ని పుస్తకాల్లో నేర్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో హైదరాబాద్ శివార్లలోని ఒక ఆహార పదార్థాల ప్యాకింగ్ యూనిట్లో షిఫ్ట్ ఇన్‌చార్జిగా ఉండేవాణ్ని. అక్కడ కార్టన్ మెషీన్ ఒకటి ఉండేది. మడిచి పేర్చిన అట్టపెట్టెలను సక్షన్ కప్పులు ఒక్కొక్కటిగా లాగి, తెరిచి, ముందుకు తోస్తాయి. ఆ మెషీన్ మీద పన్నెండేళ్లుగా పనిచేస్తున్న ఆపరేటర్ ఒకాయన. నాకంటే చాలా పెద్దవాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను సార్ అనేవాడు.

ఆడిట్ వస్తోందని తెలిసి ఫైవ్-ఎస్ (పనిచోటును సర్ది శుభ్రంగా ఉంచే పద్ధతి) పేరుతో లైనంతా శుభ్రం చేయించాను. ఆ మెషీన్ పక్క గైడు కింద ఒక మడత పెట్టిన అట్టముక్క ఇరికించి ఉంది. నూనె మరకలతో నల్లబడి అసహ్యంగా ఉంది. తీసి చెత్తబుట్టలో వేశాను. మర్నాటి నుంచి మెషీన్ గంటకోసారి ఆగడం మొదలైంది. ఒక్కోసారి రెండేసి పెట్టెలు లాగుతోంది, ఒక్కోసారి ఒక్కటీ లాగడం లేదు. మెయింటెనెన్స్ వాళ్లు కప్పులు మార్చారు, వాక్యూమ్ పంపు విప్పి చూశారు. ఆడిట్ అయిపోయింది. ఇంకో నాలుగు రోజులకు మెషీన్ దానంతటదే బాగుపడింది. అలా అనుకున్నాను.

చాలా నెలల తరవాత, ఆయన కూతురి పెళ్లికి వారం సెలవు పెట్టినప్పుడు మళ్లీ అదే తంతు. ఈసారి నేను మెషీన్ పక్కనే మోకాళ్ల మీద కూర్చుని చూశాను. గైడు కింద కొత్త అట్టముక్క ఉంది. ఆయన తిరిగొచ్చాక అడిగాను. వానాకాలంలో గాలి తేమకు అట్టపెట్టెలు కాస్త వంగుతాయట. అప్పుడు గైడును వెంట్రుకవాసి పైకి ఎత్తాలి. ఎండాకాలం ఒక మడత, వానాకాలం రెండు మడతలు. ముసురు పట్టిన రోజున ఇంకో కాగితం పొర. ఆయన సెలవులో ఉన్న వారమంతా వానలే, మడత మార్చడం తెలిసినవాళ్లు లేరు.

"మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదన్నా?"

"చెబితే తీసేయమంటారని సార్. ఒకసారి తీసేశారు కదా."

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. నేను నడుపుతున్నాననుకున్న లైనును నిజానికి నడిపిస్తున్నది ఆ అట్టముక్క. నా కళ్లకు అది చెత్త, నా కాగితాల్లో అది రూలు తప్పడం. పనివాళ్ల దగ్గరున్న అసలైన తెలివి చాలాసార్లు మనకు ఇలాగే కనబడుతుంది. గైడు కింద అట్టముక్కగా, ఫైలు అంచున పెన్సిలు గీతగా, ఎవరూ ఒప్పుకోని అడ్డదారిగా. రూల్‌బుక్కుకీ జరిగే పనికీ మధ్య ఉన్న సందును ఎవరో ఒకరు తమ చేతులతో పూడుస్తూ ఉంటారు. మెరుగుపరచాల్సినది ఏదో ఆ సందులోనే ఉంటుంది. దాన్ని దాచుకోవలసిన పరిస్థితి కల్పిస్తే ఆ సంగతి మనకు ఎప్పటికీ తెలియదు.

పాకం పదును

ఇలాంటి తెలివికి తెలుగులో చక్కటి మాట ఉంది, ఒడుపు. అరిసెల పాకం పట్టే పెద్దమ్మను కొలతలు అడగండి. బియ్యం, బెల్లం లెక్క చెబుతుంది. అక్కడి వరకు కాగితం మీద రాసుకోవచ్చు. పాకం ఎప్పుడు దించాలి అంటే మాత్రం ప్లేటులో నీళ్లు పోసి, ఒక చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి మీ చేతిలో పెడుతుంది. "ఇదిగో, ఇలా ఉండాలి" అంటుంది. ఆ 'ఇలా' అన్న మాటలోనే అరిసె అంతా ఉంది. అది చేతి నుంచి చేతికి వెళుతుంది, కాగితం నుంచి చేతికి వెళ్లదు.

జపాన్ పండితులు నొనాకా, తకెయుచి 1995లో రాసిన పుస్తకంలో సరిగ్గా ఇటువంటి సంఘటన ఉంది. మత్సుషితా కంపెనీ ఇంట్లో బ్రెడ్డు చేసే యంత్రాన్ని తయారుచేయాలనుకుంది. పిండి ఎంత పిసికినా పైపొర మాడుతోంది, లోపల పచ్చిగానే ఉంటోంది. ఇంజినీర్లు పిండికి ఎక్స్‌రేలు కూడా తీసి చూశారు. లాభం లేకపోయింది. అప్పుడు ఇకుకో తనకా అనే సాఫ్ట్‌వేర్ డెవలపర్, మంచి బ్రెడ్డుకు పేరుపడ్డ ఒసాకా ఇంటర్నేషనల్ హోటల్‌కి వెళ్లి, అక్కడి ప్రధాన బేకర్ దగ్గర శిష్యరికం చేసింది. ఆయన పిండిని లాగడమే కాదు, లాగుతూ మెలితిప్పుతున్నాడని గమనించింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, చెప్పాలని ఆయనకు తోచి కూడా ఉండదు. ఇంజినీర్లు ఆ మెలికను యంత్రం గిన్నె లోపలి పక్కటెముకల్లాంటి గీతలుగా మలిచారు. 1987లో యంత్రం బజారుకొచ్చింది.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. తనకా ఆ బేకర్‌ను మీటింగుకు పిలిచి "మీ అనుభవాన్ని పంచుకోండి" అనలేదు. అలా అని ఉంటే ఆయన పిండి, ఈస్టు, ఉష్ణోగ్రత గురించి చెప్పేవాడు, మెలిక గురించి చెప్పేవాడు కాదు. ఒడుపున్న మనిషికి తన ఒడుపు కనబడదు. పక్కన నిలబడి, తానూ చేసి, తప్పులు చేసి, "నాకెందుకు రావడం లేదు?" అని అడిగినప్పుడే అది బయటపడుతుంది.

మన సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఇందుకు పూర్తి వ్యతిరేకంగా జరిగే తంతును చూడండి. ఎవరైనా రాజీనామా చేస్తే నోటీస్ పీరియడ్ చివరి రెండు వారాల్లో 'కేటీ' (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) పెడతారు. వెళ్లిపోయే మనిషి స్క్రీన్ షేర్ చేసి స్లైడ్లు చూపిస్తాడు. రికార్డింగు ఫోల్డర్లో పడుతుంది. ఆ ఫోల్డర్ను మళ్లీ ఎవరూ తెరవరు. అతని దగ్గరున్న అసలైన తెలివి ఇది: రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోతే ఏ సర్వీసును ముందు ఎత్తాలి, ఏ అలర్టును పట్టించుకోనక్కర్లేదు, ఏ క్లయింటుకు మెయిల్ కంటే ముందు ఫోన్ చేయాలి. ఇవి స్లైడ్లలోకి రావు. కొత్తవాణ్ని మూడు నెలల ముందు నుంచి ఆ రాత్రి డ్యూటీల్లో పక్కన కూర్చోబెడితే వస్తాయి. రిటైరయ్యే ఫిట్టరు విషయంలోనూ అంతే. శాలువా కప్పే రోజున ఆయన చేతిలో ఉన్నది ఇక గేటు దాటినట్టే. ఏడాది ముందే ఆయనకు తోడు ఒక కుర్రాణ్ని ఇవ్వండి. ఇద్దరి జీతం ఒకే పనికి పోతోందని అకౌంట్స్ వాళ్లు అంటారు. అననివ్వండి.

టీ దగ్గర కథలు

1980ల్లో జెరాక్స్ పరిశోధన కేంద్రం తరఫున జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రజ్ఞుడు ఆ కంపెనీ రిపేరు టెక్నీషియన్ల వెంట తిరిగాడు. కంపెనీ వాళ్లకు లావుపాటి మాన్యువల్ ఇచ్చింది. ఈ ఎర్రర్ కోడ్ వస్తే ఈ భాగం మార్చు, ఆ కోడ్ వస్తే ఇది చూడు అని అందులో అన్నీ ఉన్నాయి. యంత్రాలు ఆ పుస్తకం ప్రకారం పాడైపోవు కదా. తేమ, దుమ్ము, వాడే మనుషుల అలవాట్లు, రెండు భాగాలు కలిసి అరిగిపోవడం, అన్నీ కలిసి కొత్త రకం జబ్బులు పుడతాయి. టెక్నీషియన్లు వాటిని ఎలా పట్టుకుంటున్నారు? టిఫిన్ దగ్గర, భోజనం దగ్గర ఒకరికొకరు చెప్పుకునే కథలతో. "నాకూ ఒకసారి ఇలాగే అయింది, చివరికి చూస్తే..." అని మొదలయ్యే కథలు. సమయాన్ని లెక్కబెట్టే మేనేజరు కంటికి అవి ఉబుసుపోక కబుర్లు. ఆర్ కంటికి అదే అసలు బడి. ఆయన పరిశీలన 1996లో పుస్తకంగా వచ్చింది.

తరవాత జెరాక్స్ పరిశోధకులు ఈ కథలను కంపెనీ అంతటికీ అందేలా యురేకా అనే వ్యవస్థ కట్టారు. మొదట ఫ్రాన్స్‌లో నడిచింది. టెక్నీషియన్ తాను కనిపెట్టిన చిట్కా పంపుతాడు, అనుభవజ్ఞులైన తోటి టెక్నీషియన్లు దాన్ని పరీక్షించి ఒప్పుకుంటారు, అప్పుడు అది అందరికీ వెళుతుంది. చిట్కాకు ఇంత అని డబ్బు ఇద్దామా అన్న ప్రశ్న వచ్చింది. టెక్నీషియన్లు కోరుకున్నది డబ్బు కాదు, చిట్కా పక్కన తమ పేరు. డబ్బు పెడితే చిట్కాల సంఖ్య పెరుగుతుంది, నాణ్యత పడిపోతుంది. పేరు పెడితే మనిషి పదిసార్లు సరిచూసుకుని పంపుతాడు. తోటి పనివాడి ముందు మాట పడడం ఎవరికీ ఇష్టం ఉండదు.

అందుకే నేను ఎక్కడికి వెళ్లినా చెబుతాను: షిఫ్టు మారే వేళ రెండు బ్యాచ్‌లూ కలిసే పదిహేను నిమిషాలు మిగల్చండి. ఒకరు వెళ్లిపోయాక ఇంకొకరు వచ్చేలా టైమింగు పెడితే కాగితం మీద పొదుపుగా ఉంటుంది. ఆ పొదుపు ఖరీదు మెషీన్లు ఆగినప్పుడు తెలుస్తుంది. టీ బల్ల మెషీన్లకు దగ్గరలో ఉండాలి, మీ క్యాబిన్‌కు కాస్త దూరంగా ఉండాలి.

తాడు లాగితే ఏమవుతుంది?

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన చోటికి వచ్చాం. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్‌కు ఒక కార్ల ఫ్యాక్టరీ ఉండేది. దేశంలోని అతి చెత్త ఫ్యాక్టరీల్లో ఒకటని పేరు. గైర్హాజరీ ఎక్కువ, తాగి పనికి వచ్చేవాళ్లున్నారు, యాజమాన్యం మీద కోపంతో కావాలనే కార్లు పాడుచేసేవాళ్లున్నారు. అక్కడ ఒకే ఒక్క కట్టుబాటు: ఏం జరిగినా లైను ఆగకూడదు. తప్పు బిగించిన కారు అలాగే ముందుకు పోయేది, చివర పెరట్లో నిలబడి రిపేరు కోసం ఎదురుచూసేది. 1982లో ఫ్యాక్టరీ మూతపడింది.

1984లో టొయోటా, జనరల్ మోటార్స్ కలిసి అదే చోట మళ్లీ తెరిచాయి. యూనియన్ కూడా పాతదే. తీసుకున్న కార్మికుల్లో అత్యధికులు ఆ పాత ఫ్యాక్టరీ వాళ్లే. టీమ్ లీడర్లను బృందాలుగా జపాన్‌లోని టకావోకా ప్లాంటుకు పంపి పని నేర్పారు. అక్కడ వాళ్లను అబ్బురపరిచింది తాడు. ప్రతి కార్మికుడి తల మీదుగా ఒక తాడు వేలాడుతుంటుంది. బోల్టు సరిగా పడకపోతే లాగుతాడు. దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ పరుగున వస్తాడు. కారు ఆ స్టేషన్ దాటేలోపు ఇద్దరూ కలిసి సరిచేయగలిగితే సరే, లేకపోతే లైను ఆగుతుంది. పోగు తెగితే ఆగే సకిచి మగ్గం నుంచి వచ్చిన ఆలోచనే ఇది. అక్కడ మగ్గం తనంతట తాను ఆగింది, ఇక్కడ మామూలు పనివాడికి ఆపే హక్కు వచ్చింది.

ఒకటి రెండేళ్లలోనే ఫ్రీమాంట్ కార్ల నాణ్యత జపాన్‌లో తయారైన వాటి పక్కన నిలబడింది. గైర్హాజరీ పడిపోయింది. 1991లో ఆ ఫ్యాక్టరీ కార్మికుల నుంచి 10 వేలకు పైగా సూచనలు వచ్చాయి, వాటిలో 80 శాతానికి పైగా అమలయ్యాయి. మనుషులు వాళ్లే, యూనియన్ అదే, ఊరూ అదే. పాత ఫ్యాక్టరీ రోజుల్లో వీళ్ల దగ్గర తెలివి లేదా? ఉంది. దాన్ని పట్టుకునే చెయ్యి లేదు.

ఇది చూసి తాడు కొనుక్కుంటే సరిపోతుందని అనుకోకండి. జనరల్ మోటార్స్ లాస్ ఏంజెలెస్‌లోని వాన్ నైస్ ప్లాంటులో ఇవే పద్ధతులు పెట్టి చూసింది. కార్మికులూ నమ్మలేదు, మేనేజర్లూ నమ్మలేదు. 1992లో ఆ ప్లాంటు మూతపడింది. తాడును ఎవరైనా కట్టుకోవచ్చు. లాగినవాడికి ఏమవుతుంది అన్నదే ప్రశ్న. "మళ్లీ నువ్వేనా?" అని ఒక్కసారి వినబడితే ఆ తాడు ఇక ఎవరూ లాగరు. మీ కంపెనీలో ఆ తాడు ఒక వాట్సాప్ గ్రూపు కావచ్చు, పొద్దున్నే నిలబడి జరుపుకునే పది నిమిషాల మీటింగు కావచ్చు. చెడు కబురు చెప్పినవాడికి మీ నోటి నుంచి వచ్చే మొదటి వాక్యాన్ని జాగ్రత్తగా ఎంచుకోండి. "చెప్పి మంచిపని చేశావు, పద చూద్దాం" అన్నది చాలు. ఎవరి తప్పు అన్న ప్రశ్న మొదటి గంటలో అక్కర్లేదు, చాలాసార్లు అసలే అక్కర్లేదు.

హార్వర్డ్ ఆచార్యురాలు ఏమీ ఎడ్మండ్‌సన్ ఆస్పత్రుల్లో నర్సుల బృందాల మీద పరిశోధన చేసినప్పుడు, బాగా పనిచేసే బృందాల్లో మందుల పొరపాట్లు తక్కువగా ఉంటాయనుకుంది. లెక్కల్లో వాటిలోనే ఎక్కువ కనబడ్డాయి. తరచి చూస్తే తేలింది వేరు. ఆ బృందాలు పొరపాట్లను పైకి చెప్పుకుంటున్నాయి, మిగతావి దాచుకుంటున్నాయి. మీ విభాగంలో సమస్యలే లేవని మీకు అనిపిస్తుంటే సంతోషించే ముందు ఈ పరిశోధనను ఒక్కసారి తలచుకోండి.

ఇంకొక సంగతి చాలా పుస్తకాలు చెప్పవు, నా దృష్టిలో అదే పునాది. ముగ్గురు చేసే పనిని ఇద్దరితో చేయవచ్చని ఒక కార్మికుడికి తెలుసు. చెబితే ఏమవుతుంది? ఆ మూడోవాడి ఉద్యోగం పోతే, ఆ మూడోవాడు తన బావమరిదో, క్యారేజీ పంచుకునే స్నేహితుడో అయితే, ఎవరు నోరు విప్పుతారు? 1950లో టొయోటా ఉద్యోగులను తగ్గించబోయి పెద్ద సమ్మెను ఎదుర్కొంది. కిచిరో అధ్యక్ష పదవి వదులుకున్నాడు. ఆ గాయం తరవాతే, 1951లో, ఉద్యోగుల ఆలోచనలను తీసుకునే సూచనల పథకం మొదలైంది. కిచిరో కుటుంబానికే చెందిన ఏజీ టొయోడా అమెరికా వెళ్లి ఫోర్డ్ ఫ్యాక్టరీలో చూసి తెచ్చిన ఆలోచన అది. ఫ్రీమాంట్‌లో కొత్త కంపెనీ యూనియన్‌కు ఒక మాట ఇచ్చింది: కంపెనీ మనుగడకే ముప్పు వస్తే తప్ప లేఆఫ్‌లు ఉండవు. 1987-88లో కార్ల అమ్మకాలు పడిపోయాయి. అందరికీ సరిపడా పని లేదు. ఒక్కరినీ పంపలేదు, శిక్షణలోనూ పని మెరుగుపరిచే బృందాల్లోనూ కూర్చోబెట్టారు. 1991 నాటి ఆ 10 వేల సూచనలకు విత్తనం పడింది ఆ ఏడాదే అని నేను నమ్ముతాను. ఇచ్చిన మాట నిలబడుతుందని వాళ్లు కళ్లారా చూశారు.

మీకు జీవితకాలపు హామీ ఇచ్చే శక్తి లేకపోవచ్చు. ఈ ఒక్క మాట మాత్రం ఇవ్వగలరు: మీరు చెప్పిన సూచన వల్ల మీలో ఎవరి ఉద్యోగమూ పోదు, మిగిలిన మనిషికి వేరే పని చూపిస్తాను. నోటీసు బోర్డు మీద రాసి సంతకం పెట్టండి. నిలబెట్టుకోలేనని అనుమానం ఉంటే అసలు రాయకండి.

సోమవారం పొద్దున

రేపు ఏం చేయాలి? ముందు వెళ్లి నిలబడండి. టొయోటా ఇంజినీరు తైయిచి ఓనో నేల మీద సుద్దతో వలయం గీసి, కొత్త మేనేజర్లను అందులో నిలబెట్టి గంటల తరబడి పని చూడమనేవాడు. మీరు ఒక గంట చాలు. ఫోను టేబుల్ మీద వదిలేసి వెళ్లండి. చేయి ఎక్కడ రెండుసార్లు తిరుగుతోంది, మనిషి ఎక్కడ వంగుతున్నాడు, ఎక్కడ నిట్టూరుస్తున్నాడు, ఎక్కడ ఏదో ఇరికించి ఉంది, రాసుకోండి.

తరవాత అడగండి. "ఏమైనా ఐడియాలున్నాయా?" అని అడిగితే మనుషులు బిగుసుకుపోతారు. ఐడియా అంటే పెద్ద చదువులవాళ్ల వస్తువని మనవాళ్ల భయం. "పొద్దున్నుంచి ఏది మిమ్మల్ని ఎక్కువ చిరాకు పెట్టింది?" అని అడగండి. "కొత్త కుర్రాడు వస్తే కాగితంలో లేనిది అతనికి ఏం చెబుతారు?" అని అడగండి. "మీరు సెలవులో ఉంటే ఇక్కడ ఏది చెడుతుంది?" అన్నది నాకు అన్నిటికంటే పనికొచ్చిన ప్రశ్న. దానికి జవాబు చెప్పలేని ఆపరేటరును నేను ఇంతవరకు చూడలేదు.

వచ్చిన సూచనకు వారంలోపు జవాబు వెళ్లాలి. కాదు అన్న జవాబైనా సరే, ఎందుకు కాదో మనిషి ముందు నిలబడి చెప్పాలి. తాళం వేసిన సూచనల పెట్టె కంటే గోడ మీది తెల్లబోర్డు మేలు. సూచన, చెప్పినవారి పేరు, దాన్ని చూస్తున్నవారి పేరు, తేదీ అందరికీ కనబడాలి. చిన్నవాటిని చిన్నచూపు చూడకండి. స్టూలు ఎత్తు రెండంగుళాలు పెంచడం, లేబుళ్ల రంగు మార్చడం లాంటివి వెంటనే జరిగిపోతే, ఆరు నెలల తరవాత పెద్దది చెప్పడానికి ధైర్యం వస్తుంది. అందుకు వాళ్లకు కాస్త తీరిక కూడా కావాలి. వారానికి ఒక గంట మెషీన్ ఆపి బృందాన్ని కూర్చోనివ్వండి. ఎనిమిది గంటలూ పరుగులు పెట్టించి తొమ్మిదో గంటలో కొత్తగా ఆలోచించమనడం న్యాయం కాదు.

పని పద్ధతిని కాగితం మీద పెట్టేటప్పుడు ఆ పని చేసేవారే చెప్పాలి, మీరు రాయాలి. ఫ్రీమాంట్‌లో స్టాప్‌వాచ్ పట్టుకున్నది ఇంజినీరు కాదు, కార్మికుల బృందమే. ఒకరి పనిని ఒకరు కొలుచుకుని, అందరిలో మేలైన తీరును ఎంచుకుని, దాన్ని తమ పద్ధతిగా రాసుకునేవారు. తాము రాసుకున్నదాన్ని మనుషులు పాటిస్తారు, ఇంకా మంచిది దొరికితే కొట్టేసి మళ్లీ రాస్తారు.

మీరు కింద మెట్టు మీద ఉన్నవారైతే ఒక చిన్న నోటుబుక్కు జేబులో పెట్టుకోండి. మీరు కనిపెట్టిన కిటుకు, తేదీ, దానివల్ల మిగిలిన సమయం రాసుకోండి. సెల్‌ఫోనుతో ముందూ వెనుకా ఫోటోలు తీయండి. కిటుకును దాచుకుంటే నా అవసరం ఉంటుందిలే అన్న ఆలోచన అర్థం చేసుకోగలను. అయితే దాచుకున్న మనిషిని అదే మెషీన్ దగ్గర పాతికేళ్లు ఉంచేస్తారు, నేర్పగలిగిన మనిషిని ముందుకు పిలుస్తారు. నేను చూసిన చోట్ల ఎక్కువగా అలాగే జరిగింది. అడిగే పైవాడు దొరకనప్పుడు మాత్రం తొందరపడకండి. పక్క మెషీన్ మనిషికి ముందు నేర్పండి. ఇద్దరి మాటకు బరువుంటుంది.

ఆ అట్టముక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఫిట్టరూ ఆయనా కలిసి గైడు కింద మరతో తిరిగే చిన్న ఇనుప పలక పెట్టారు. మడతలు లెక్కపెట్టే పని లేకుండా, తిప్పితే ఎత్తు మారుతుంది. దాన్ని ఎలా సర్దాలో రాద్దామని కాగితం తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను. ఆయన చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. "సరైన ఎత్తు వచ్చేదాకా మరను తిప్పాలి" అని రాసి చదివి వినిపించాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సరైన ఎత్తు అంటే పిల్లలకేం తెలుస్తుంది సార్? కప్పు పెట్టెను లాగేటప్పుడు చప్పుడు మారుతుంది వినండి. 'టప్పు' మని వస్తుంటే ఇంకా తిప్పాలి. 'టిక్కు' మంటే అక్కడ ఆపాలి."

ఆ వాక్యం కొట్టేసి, ఆయన చెప్పినట్టే రాశాను. కింద ఆయన పేరు రాశాను.